మడుగులోనా, మెరకలోనా? నదిలో బాస్ చేప ఉండే చోటు

ఉత్తర అమెరికా నదుల్లో బాస్ చేప ఏడాది పొడవునా ఒకే లోతులో ఉండదు. వసంతంలో మోకాలి లోతు నీటిలో గులకరాళ్ల మీద గూడు చేసుకున్న చేపే, చలికాలం వచ్చేసరికి మైళ్ల దూరం ఈదిపోయి, రెండు మూడు నిలువుల మడుగులో అడుగుకు ఆనుకుని కదలకుండా ఉంటుంది. వేసవిలోనైతే ఒక్క రోజులోనే చోటు మారుస్తుంది. తెల్లవారుతుండగా మెరకలో మేస్తుంది, పొద్దెక్కాక లోతుకు జారుకుంటుంది. సరస్సుల్లో గాలం వేసి అలవాటైనవారు నదికి వచ్చినా ముందు లోతు ఎంత అనే అడుగుతారు. నదిలో అంతకంటే ముందు తెలుసుకోవలసినది నీరు ఎటు, ఎంత వేగంగా పోతోందన్నది. ప్రవాహం, నీటి వేడి, తిండి కలిసి చేప చోటును నిర్ణయిస్తాయి. లోతుకు విలువ వచ్చేది ఈ మూడింటినీ అది మార్చగలిగినప్పుడే.

బాస్ అనే పేరు చాలా చేపలకు ఉంది. ఇక్కడి విషయం బ్లాక్ బాస్. మన బజార్లలో సీబాస్ అని కూడా అమ్మే పండుగప్పకూ దీనికీ దగ్గరి చుట్టరికం లేదు. ఇది ఉత్తర అమెరికా మంచినీటి సన్‌ఫిష్ కుటుంబంలోది. నదుల్లో ముఖ్యంగా దొరికేవి రెండు రకాలు. స్మాల్‌మౌత్ బాస్ కంచు రంగులో, నిలువు చారలతో ఉంటుంది. లార్జ్‌మౌత్ బాస్ ఆకుపచ్చగా, పక్క పొడవునా నల్లటి పట్టీతో ఉంటుంది. నోరు మూసి ఉన్నా దాని పై దవడ కన్ను దాటి వెనక్కి వెళుతుంది. స్మాల్‌మౌత్‌కు రాతి అడుగు, తేటనీరు, కొంత ఒరవడి కావాలి. లార్జ్‌మౌత్ నాచు, మునిగిన కొమ్మలు, నిలకడ నీరు వెతుక్కుంటుంది. 1932లో జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ పట్టిన పది కిలోల లార్జ్‌మౌత్ ఇప్పటికీ ప్రపంచ రికార్డుల్లో ఉంది. అది దొరికిన మాంట్‌గోమరీ సరస్సు ఓక్‌మల్గీ నది విడిచిపెట్టిన పాత పాయ. ఆ బరువుకు సమంగా నిలిచినది 2009లో జపాన్‌లోని బివా సరస్సులో పట్టిన చేప ఒక్కటే.

స్మాల్‌మౌత్ సొంత ఊరు మిసిసిపీ నది ఎగువ, మధ్య పరీవాహకాలు, ఒహాయో, టెనెసీ నదులు, మహా సరస్సుల ప్రాంతం. తూర్పున అట్లాంటిక్ వైపు పారే చాలా నదుల్లో అది మొదట లేదు. పోటోమాక్ నదికి అది 1854లో రైలెక్కి వచ్చింది. ఒహాయో పరీవాహకంలో పట్టిన కొద్దిపాటి చేపలను ఆవిరి ఇంజనుకు నీరందించే తొట్టిలో వేసి కొండలు దాటించి, మేరీలాండ్‌లోని కంబర్లాండ్ దగ్గర కాలువలో వదిలారు. అక్కడి నుంచి అవి నదిలోకి చేరి వృద్ధి చెందాయి. నేడు పోటోమాక్, సస్క్వెహన్నా, జేమ్స్ నదులు స్మాల్‌మౌత్ వేటకు పేరు పొందాయంటే దానికి మూలం ఇలాంటి మార్పిళ్లే.

నది అడుగు సమతలంగా ఉండదు. రాళ్ల మీద నురగలు కక్కుతూ పారే మెరక, దాని దిగువన నిండుగా సాగే పరుగు, ఆ తర్వాత నీరు నెమ్మదించే మడుగు, మళ్లీ మెరక. గులకరాతి నదుల్లో ఈ వరస తిరిగి తిరిగి వస్తుంది. ఒక మడుగుకూ తర్వాతి మడుగుకూ మధ్య దూరం సాధారణంగా నది వెడల్పుకు ఐదు నుంచి ఏడు రెట్లు ఉంటుందని నదీ శాస్త్రజ్ఞులు గుర్తించారు. వంపు దగ్గర నీరు బయటి ఒడ్డును కోసుకుంటూ పోతుంది కనుక అటు లోతు, లోపలి వైపు ఇసుకమేట. ఈ రెండు సూత్రాలు తెలిసినవారు నీటిలోకి చూడకుండానే, ఒడ్డున నిలబడి నది ఆకారాన్ని బట్టి లోతు ఎక్కడుందో చాలావరకు చెప్పగలరు.

లోతు తెలిసినంత మాత్రాన చేప తెలిసినట్టు కాదు. నీరు పైభాగంలో వేగంగా, అడుగున రాపిడి వల్ల నెమ్మదిగా కదులుతుంది. ఒరవడికి ఎదురీదుతూ ఒకేచోట నిలవడానికి చేప శక్తి ఖర్చవుతుంది. తిన్న తిండి ఆ ఖర్చుకు మించితేనే అది పెరుగుతుంది. అందుకే బాస్ వేగమైన నీటి నడుమ ఉండదు, దాని పక్కన ఉంటుంది. పెద్ద బండ వెనక, పడిన చెట్టు మొదట్లో, ఒడ్డు ముందుకు పొడుచుకొచ్చిన చోట దిగువన నీరు తిరగబడి ఎదురు సుడి ఏర్పడుతుంది. వేగపు నీరూ నిలకడ నీరూ రాసుకునే ఆ అంచున చేప ఆగి, కొట్టుకొచ్చే చిన్న చేపనో పురుగునో అందుకుని వెంటనే వెనక్కి చేరుతుంది. బండకు ఎగువ ముఖాన కూడా నీరు కొట్టుకుని కొంత నెమ్మదిస్తుంది. అక్కడా చేప నిలుస్తుంది, పైగా ఎదురొచ్చే తిండి మొదట దానికే అందుతుంది. రాయి, మాను ఏమీ లేని పన్నెండడుగుల బోసి మడుగులో ఒక్క చేప కూడా లేకపోవచ్చు. పక్కనే నాలుగు బండలున్న మొలలోతు నీటిలో మంచి చేపలు ఉండవచ్చు.

లోతు అన్నది ఆ నదిని బట్టి మారే మాట కూడా. పెన్సిల్వేనియాలోని హారిస్‌బర్గ్ దగ్గర సస్క్వెహన్నా దాదాపు మైలు వెడల్పు ఉంటుంది, కానీ వేసవిలో చాలా చోట్ల నడిచి దాటగలిగినంత మెరక. నదికి అడ్డంగా రాతి చట్టులు వరసలు వరసలుగా లేచి ఉంటాయి. ఆ చట్టుల దిగువన నీరు తొలిచిన ఐదడుగుల గాడి అక్కడ లోతు కింద లెక్క. టెనెసీ నది మీద ఆనకట్టల మధ్య అదే ఐదడుగులు మెరక. అక్కడ లోతు అంటే ఇరవై, ముప్పై అడుగులు. చేపకు కావలసినది చుట్టుపక్కల నీటికంటే లోతైన చోటు మాత్రమే. అది మేతకు దగ్గరగా కూడా ఉంటే, అంటే మెరక నుంచి ఏటవాలుగా దిగిపోయే అంచు దగ్గరుంటే, నదిలో అంతకు మించిన నెలవు ఉండదు.

సరస్సుకూ నదికీ పెద్ద తేడా నీటి వేడిలో కనిపిస్తుంది. లోతైన సరస్సు వేసవిలో పొరలుగా విడిపోతుంది, పైన వేడినీరు, కింద చల్లనీరు. పారే నదిలో నీరు నిత్యం కలగాపులగం అవుతుంది కనుక పదిహేనడుగుల మడుగు పైనా అడుగునా వేడి ఇంచుమించు ఒకటే. వేసవి మధ్యాహ్నం చేప లోతుకు పోయేది చల్లదనం కోసమే అనుకోవడం నదిలో చాలాసార్లు పొరపాటు. అది వెలుతురు నుంచీ, పై నుంచి దాడి చేసే పక్షుల నుంచీ, ఒరవడి నుంచీ తప్పుకుంటోంది. నిజమైన చల్లదనం ఊటలు ఉబికే చోట, నీడలో పారి వచ్చే ఉపనది నోటి దగ్గర దొరుకుతుంది, అది మోకాలి లోతైనా సరే. ప్రాణవాయువు సంగతీ ఇంతే. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరగగలదు. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. ఎండలు మండి, నది సన్నబడినప్పుడు రాళ్ల మీద ఎగిరిపడే మెరక నీరే గాలిని ఎక్కువగా కలుపుకుంటుంది. అప్పుడు స్మాల్‌మౌత్ లోతు వదిలి ఆ మెరక తలాపుకు, నురగనీటి అంచుకు రావడం వింత కాదు.

ఏడాది తిరుగుడు వసంతంతో మొదలుపెట్టి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. నీరు 10 డిగ్రీలకు చేరుతుండగా చేపలు చలికాలపు మడుగులు వదులుతాయి. 15 నుంచి 18 డిగ్రీల మధ్య స్మాల్‌మౌత్ మగచేప గుడ్ల కోసం గూడు సిద్ధం చేస్తుంది. ఒరవడి తగలని చోట, బండ చాటునో మాను చాటునో, తోకతో ఊడ్చి గులకరాళ్లు బయటపడేలా గుంట చేస్తుంది. చాలా గూళ్లు రెండు నుంచి ఐదారు అడుగుల లోతులోపే ఉంటాయి. ఆడచేప గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. కాపలా మగదే, గుడ్లు పగిలి, పిల్లలు గుంపుగా ఈదడం మొదలైన తర్వాత కూడా కొన్ని రోజులు వాటిని కాస్తుంది. పిల్లలను వెంటబెట్టుకుని తిరిగే కొరమీను మన చెరువుల్లో చేసే పనే ఇది. గూడు మీది మగచేపను గాలంతో లాగేస్తే, అది తిరిగొచ్చేలోపే చిన్న చేపలు గుడ్లను ఖాళీ చేయగలవు. ఆ సమయానికి వరద వచ్చినా గూళ్లు కొట్టుకుపోతాయి, ఆ ఏటి పిల్లల తరం పలుచబడుతుంది. లార్జ్‌మౌత్ ఇదే పనిని కొద్దిగా వేడెక్కిన నీటిలో, ప్రధాన పాయకు దూరంగా, పక్క పాయల్లో, నాచు అంచుల్లో చేస్తుంది.

వేసవి మేత కాలం. స్మాల్‌మౌత్‌కు ఇష్టమైన తిండి క్రేఫిష్, అంటే రొయ్యకు చుట్టమై, ముందు పీత గోళ్ల వంటివి ఉండే జీవి. అది రాళ్ల సందుల్లో, ఎక్కువగా మెరకలో ఉంటుంది, రాత్రిపూట బయటికి వస్తుంది. అందుకే తొలివెలుగులో, మునిమాపు వేళ, రాత్రి పెద్ద చేపలు మోకాలి లోతు రాళ్లలోకి వచ్చి మేస్తాయి. పగలు మబ్బు పట్టినా, గాలికి నీరు అలలెత్తినా అవి మెరకను అంత త్వరగా వదలవు. ఎండ నిలువుగా పడి, నీరు అద్దంలా తేటబడితే మడుగు తల దగ్గరి ఏటవాలుకో, నీడపడే బండ కిందికో వెళతాయి. చిన్న చేపలు రోజంతా మెరకలోనే కనిపిస్తుంటే పెద్దవీ అక్కడే ఉన్నాయనుకోకూడదు.

నీటి మట్టం, రంగు ఈ లెక్కను తారుమారు చేస్తాయి. నది పెరుగుతున్నప్పుడు నడిపాయలో నిలబడడం కష్టమై చేప ఒడ్డుకు, కొత్తగా మునిగిన గడ్డిలోకి చేరుతుంది. ఎర్రనీరు వచ్చినప్పుడు దానికి దూరం కనబడదు. గట్టునే ఆనుకుని మెరకలో ఉంటుంది, దగ్గరగా వచ్చిన ఎరనే పడుతుంది. నది తీస్తున్నప్పుడు మెరకలో చిక్కుకుపోయే ప్రమాదం ఉంటుంది కనుక వెనక్కి, లోతు అంచుకు జరుగుతుంది. అమెరికా భూగర్భ సర్వే సంస్థ నదుల మీద నడిపే వేలాది మట్టం కొలిచే కేంద్రాల అంకెలు ఎప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో ఉంటాయి. వేటకు బయలుదేరే ముందు ఒక్క అంకె చూడగలిగితే అది ఇదే కావాలి. ఈరోజు మట్టం ఎంత అన్నదాని కంటే రెండు రోజులుగా పెరుగుతోందా తగ్గుతోందా అన్నది ఎక్కువ చెబుతుంది.

శరదృతువులో చిన్న చేపల గుంపులు పక్క పాయల నుంచి నదిలోకి దిగుతాయి, వాటి వెంట బాస్ తిరుగుతుంది. ఇదే కాలంలో పెద్ద వలస మొదలవుతుంది. విస్కాన్సిన్‌లో ఎంబరాస్ నది స్మాల్‌మౌత్‌లు చలికాలానికి 60 కిలోమీటర్లకు పైగా దిగువకు ఈది, లోతైన వుల్ఫ్ నదికి చేరుతాయని గుర్తులు తగిలించిన చేపల మీద జరిగిన పరిశోధన చూపింది. ఆ ఫలితాలు 1990లో ప్రచురితమయ్యాయి. చేప చిన్న నదిని వదిలిపోయేది అక్కడ చలికాలానికి తగిన మడుగు లేనప్పుడు. దగ్గర్లోనే మంచి లోతు ఉంటే అది కొద్ది దూరం మాత్రమే జరిగి ఆగుతుంది.

చలికాలంలో లోతుకు, ప్రవాహానికి ఉన్న సంబంధం అన్నిటికంటే స్పష్టంగా తెలుస్తుంది. నీరు 4 డిగ్రీల దగ్గర అత్యంత బరువుగా ఉంటుంది. నిలకడ నీటిలో ఆ బరువైన నీరు అడుగుకు చేరి, పైన మంచు గడ్డకట్టినా కింద గడ్డకట్టే స్థితికి రెండు మూడు డిగ్రీలు పైనే ఉంటుంది. పారే నదిలో అలా కుదరదు. పై నుంచి అడుగు దాకా నీరంతా సున్నాకు చేరువవుతుంది. ఆ చలిలో చేప ఒంట్లో సత్తువ ఉండదు, తిండి దాదాపు మానేస్తుంది. ఎదురీదలేదు. అందుకే స్మాల్‌మౌత్ ఒరవడి తగలని మడుగునే ఎంచుకుని, బండల సందుల్లో ఒదుగుతుంది. ముప్పై అడుగుల లోతున్నా నీరు దూసుకుపోయే చోటు దానికి పనికిరాదు.

ఎగువ మిసిసిపీలో లార్జ్‌మౌత్ కథ దీనికి ఇంకో రుజువు. అది ప్రధాన పాయను వదిలి, ప్రవాహం దాదాపు లేని పక్క పాయల్లో చలికాలం గడుపుతుంది. 1930లలో కట్టిన ఆనకట్టల వరస వల్ల అక్కడ నీరు నిలిచి, ఏళ్ల తరబడి ఒండ్రు పేరుకుని ఆ పాయలు మెరకైపోయాయి. మెరక పాయ మీద మంచు, దాని మీద హిమం దట్టంగా కప్పితే లోపలికి వెలుతురు చొరదు, మొక్కలు ఆక్సిజన్ ఇవ్వలేవు, చేపలు ఊపిరాడక చస్తాయి. 1986లో అమెరికా కాంగ్రెస్ అనుమతించిన పునరుద్ధరణ కార్యక్రమం కింద ఇలాంటి పాయలను కొన్నిచోట్ల తవ్వి, చేపలకు చలికాలపు లోతు కల్పించారు. నది మీద కట్టిన కట్టడం చేసిన చేటును కొంతైనా సరిదిద్దిన మంచి పని అది.

అదే నదిలో మనిషి కట్టింది మేలు చేసిన సందర్భమూ ఉంది. 1878 నుంచి పడవల దారి లోతు పెంచడానికి ఒడ్డు నుంచి నడిపాయ వైపు రాళ్లు, కొమ్మల మోపులు పేర్చి వేలాది అడ్డుగోడలు కట్టారు. వీటిని వింగ్ డ్యామ్‌లు అంటారు. తర్వాత ఆనకట్టలతో మట్టం పెరిగి ఇవి కొన్ని అడుగుల నీటి కింద మునిగాయి. ఒరవడి వాటి ఎగువ ముఖాన్ని కొట్టి పైకి లేచి దాటుతుంది. గోడ మీద మెరక, ముందూ వెనకా లోతు, రాళ్ల నిండా క్రేఫిష్. వేసవిలో స్మాల్‌మౌత్ ఎగువ ముఖానికి ఆనుకుని, నడిపాయ వైపు కొస దగ్గర నిలుస్తుంది. నీటి మీద అలల గీత కనిపించే చోటుకు కొంచెం ఎగువన గోడ ఉంటుంది. ఎరను ఆ గీత మీద కాక ఇంకా పైన వేయాలన్నది అక్కడి వేటగాళ్లు మొదట నేర్చుకునే పాఠం.

విద్యుత్తు తీసే ఆనకట్టల దిగువన చేప గడియారం మరోలా నడుస్తుంది. అలబామాలో 1924లో పూర్తయిన విల్సన్ ఆనకట్ట దిగువన టెనెసీ నది స్మాల్‌మౌత్‌కు పేరు మోసింది. టర్బైన్లు తిరిగితే ఒరవడి పెరిగి చిన్న చేపలు కొట్టుకొస్తాయి, బాస్ బండల చాటున, మెరక అంచుల్లో చురుగ్గా మేస్తుంది. ఆపేస్తే చెదిరి లోతుల్లో మందకొడిగా ఉంటుంది. వాషింగ్టన్ దిగువన పోటోమాక్‌లో ఈ పని ఆటుపోట్లు చేస్తాయి. పోటుకు లార్జ్‌మౌత్ నాచు లోపలికి, గట్టు దగ్గరి మెరకకు వెళుతుంది. ఆటుకు నాచు బయటి అంచుకు, చిన్న పాయల నోళ్ల దగ్గరి లోతుకు దిగుతుంది. ఆ నాచులోనే 2004 నుంచి కొరమీను జాతికి చెందిన ఉత్తరాది స్నేక్‌హెడ్ కూడా కాపురం పెట్టింది. ఆసియా నుంచి వచ్చిన ఈ చేపను అక్కడి ప్రభుత్వాలు చొరబాటు జాతిగా పరిగణిస్తాయి, పట్టినదాన్ని ప్రాణంతో తరలించడం నేరం.

లోతు అంచులను వెతకడం ఒక పద్ధతిగా నేర్పినవాడు నార్త్ కరోలినాకు చెందిన బక్ పెర్రీ. పెద్ద చేప ఇల్లు లోతులో ఉంటుందని, మేతకు కొన్ని దారుల వెంట మెరకకు వచ్చిపోతుందని ఆయన బోధించాడు. 1950ల చివర లోరెన్స్ కుటుంబం చిన్న పడవలకు పనికొచ్చే సోనార్‌ను బజారుకు తేవడంతో అడుగు ఆకారం అందరికీ కనిపించసాగింది. పెర్రీ మాట జలాశయాల్లో గట్టిగా నిలిచింది. నదికి దాన్ని అలాగే అన్వయిస్తే చాలడం లేదు, ఎందుకంటే సోనార్ లోతును చూపుతుంది కానీ నీటి వేగాన్ని చూపదు. నదిలో ఆ పని ఇంకా కళ్లదే: నురగ ఎటు తిరుగుతోంది, ఆకు ఎక్కడ ఆగుతోంది, నున్నటి నీరు ఎక్కడ ముడుచుకుంటోంది.

లోతు నుంచి పట్టిన చేప విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. బాస్ ఒంట్లోని గాలితిత్తికి గొంతుతో కలిపే గొట్టం లేదు. ఇరవై ఐదు, ముప్పై అడుగులకు మించిన లోతు నుంచి గబగబా పైకి లాగితే లోపలి గాలి ఉబ్బి, వదిలినా చేప మునగలేక వెల్లకిలా తేలుతుంది. చలికాలపు మడుగుల్లో చాలా దూరపు చేపలన్నీ ఒకేచోట పోగవుతాయి కనుక అక్కడి దెబ్బ మొత్తం నదికి తగులుతుంది. సస్క్వెహన్నాలో 2005లో స్మాల్‌మౌత్ పిల్లలకు వ్యాధి సోకి పెద్ద ఎత్తున చనిపోయాక, పెన్సిల్వేనియా ప్రభుత్వం 2011 నుంచి మధ్య భాగంలో పట్టిన చేపను వెంటనే వదిలేయాలని నియమం పెట్టింది. అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలో సెలవు రోజున గాలం పట్టేవారు తమ రాష్ట్రపు లైసెన్సుతో పాటు, తాము దిగే నదికి వర్తించే కాలం, కొలత, సంఖ్య నియమాలు ముందుగా చదువుకోవాలి. గూడు మీది చేపనూ, చలికాలపు మడుగులోని చేపనూ పట్టకుండా విడిచిపెట్టాలి.